కత్తెరావిడ పంపిన పీలికలు

పచ్చటి ఊరొకటి ఉండేది. ఆ ఊరు ఎండ తిని బతికేది. ఎండను పట్టే పందిళ్లకి గుడ్డలద్దడమే అందరి పని. అచ్చుల గదిలో పాతకాలపు కొయ్యచ్చులుండేవి, గుడ్డలన్నీ వాటి మీంచే దిగేవి. పక్కనున్న పని పాకలోకి ఏ గుడ్డ వచ్చినా, ఎవరిదని అడక్కుండా దాని మీది బొమ్మలో ఉన్నది చేసివ్వడం వాళ్ల మర్యాద.

గాలివానకి ప్రహరీ చిట్లిన రోజున ఒక బాటసారి లోపలికొచ్చాడు. పాకలో కోటు విప్పాడు. లోపల మనిషి లేడు, పొడుగాటి గుడ్డ ఉంది.

గుడ్డ మీద రెండే బొమ్మలు: ఒత్తే కర్ర ఒకటి, కోటు ముక్క ఒకటి. పాక మేస్త్రి మారుమాట లేకుండా రెండూ చేయించాడు. ఆ కర్ర బాటసారి గుడ్డ మీద ఇంకో గుడ్డ పరిచి ఒత్తింది, అద్దంలోలా ఎదురు బొమ్మ పడింది. ఆ ఎదురు బొమ్మ మీంచి అసలు బొమ్మలు గంపలకొద్దీ దిగాయి. కోటు ముక్కలకి దర్జీ కూడా అక్కర్లేకపోయింది. ఒకదాని పక్కన ఒకటి చేరి, గుడ్డ చుట్టూ వాటంతటవే అమరాయి. అమరిన ప్రతిదీ లేచి నిలబడి మరో బాటసారి అయింది.

ఉన్న గుడ్డంతా బాటసారులకే పోయింది. పందిళ్లకి గుడ్డ కరువై, వీధులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కాయి.

పాకలో చెడిన గుడ్డలు కోసే ఆవిడని అందరూ కత్తెరావిడ అనేవారు. నోరు మూసుకుని కూర్చోవడం ఆవిడకి పుట్టుకతోనే రాలేదు. కూతురు కాలవ చివర చిగురుపేటలో కొత్తగా కాపరం పెట్టింది. బాటసారులు గట్టు వెంబడి అటే నడవడం చూసి ఆవిడ మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది.

"ఇంక ఆపు మేస్త్రీ. ఇవి మన గుడ్డలు కావు."

"ఎవరివని అడక్కూడదు కదమ్మా."

"అడగొద్దులే, కళ్లు తెరిచి చూడు. గుడ్డా గుడ్డా ముఖాముఖి అతుక్కుని ఉన్నాయి. గుడ్డ కడుపున గుడ్డ పుట్టడం మన ఇంటావంటా ఉందా?"

మేస్త్రి వంగి చూశాడు. పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ అతుక్కున్న జోడు గుడ్డలన్నిటినీ ఏటవాలుగా కోసి పీలికలు చేసింది. ఊరి కాపలావాళ్లకి తలా ఒకటి ఇచ్చింది. "దీంతో జతపడే గుడ్డ ఎక్కడ కనిపిస్తే అక్కడ కోసెయ్యండి. ఎవరిదని అడక్కండి." మర్యాదకి మర్యాదా దక్కింది, పనికి పనీ జరిగింది.

మిగిలిన పీలికలు కాలవలో వదిలింది. బాటసారులు నడుస్తారు, నీళ్లు పరిగెడతాయి. ఆ ధీమాతోనే ఆవిడ మళ్లీ పనిలో కూర్చుంది.

చిగురుపేటలో కూతురు నీళ్లకి దిగితే చేతికొక పీలిక తగిలింది. ఆ ఏటవాలు కోత ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. బొడ్లో దోపుకుంది.

సాయంత్రం ఒక బాటసారి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాస్త చోటిస్తావా తల్లీ?"

"ఇస్తాను. కోటు విప్పు."

విప్పాడు. ఎన్నడూ చూడని ఆ గుడ్డ మీద ఆమె పీలిక పరిచింది. గీతకి గీత కలిసింది.

"మా అమ్మ నీ సంగతి చెప్పింది" అంటూ కత్తెర తీసింది.