కంటకయ్య గట్టుకు పడిన బాట

అనగనగా ఒక అడవిలో, ఎండొస్తే ఎండి వానొస్తే తడిసే ఒక మామూలు అడవిలో, కంటకయ్య అనే ముసలి ఏదుపంది ఉండేవాడు. అతని భార్య పేరు సూదమ్మ. ఇద్దరికీ ఒళ్లంతా ముళ్లే. సూదమ్మకైతే నాలుక మీద కూడా రెండు మూడు ఉండేవి.

కంటకయ్యకు దుంపల సంగతి బాగా తెలుసు. ఏది తియ్యగా ఉంటుంది, ఏది వగరుగా ఉంటుంది, ఏది తింటే నోరు దురద పెడుతుంది, అన్నీ తవ్వి, తిని, తిప్పలు పడి తెలుసుకున్నాడు. తెలిసింది నలుగురికీ చెప్పాలని అతనికి మహా సరదా. రాలిన ముల్లును తెల్లమట్టిలో ముంచి నీళ్లమడుగు పక్కనున్న నల్లబండ మీద రాసేవాడు.

ఆ బండ తళుకయ్య అనే నక్కది. నీళ్లకు వచ్చిన ప్రతి జంతువూ దాని ముందు ఆగేది. "రాసుకోండి బాబూ, రాసుకోండి! అంతా ఉచితం!" అని తళుకయ్య పిలిచేవాడు. అందరూ రాసుకునేవారు. కానీ బండ అతనిది కదా! ఏది ఉండాలో ఏది పోవాలో అంతా అతని తోక ఇష్టం.

ఒకరోజు పొద్దున్నే కంటకయ్య బండ మీద ఇలా రాశాడు: "అడవికంద పచ్చిగా తినకండి. నోరు దురద, నాలుక వాపు. తిన్నవాళ్లు వెంటనే చింతచిగురు నమలండి." మధ్యాహ్నం నీళ్లకు వెళ్లి చూస్తే ఆ రాత లేదు. దాని చోట నెమలి తోక బొమ్మ ఉంది.

"నా కంద ఏదిరా?" అన్నాడు కంటకయ్య.

"తుడిచేశాను తాతా. నెమలి బొమ్మ ముందు నిలబడ్డవాళ్లు కదలడం లేదు. నీ కంద ముందు ఎవరు నిలబడతారు?"

"రేపు ఎవరైనా తిని నాలుక వాచిపోతే?"

"అప్పుడు వాచిన నాలుక బొమ్మ వేద్దాం. దానికి ఇంకా ఎక్కువమంది వస్తారు!"

కంటకయ్య ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "నీ బండ నువ్వే ఉంచుకో! మా బొరియ పక్కన ఎర్రమట్టి గట్టుంది. ఇకనుంచి అక్కడే రాస్తాను. సొంత గట్టు మీద ఎవడు తుడుస్తాడో చూస్తాను."

"ఆ ముళ్లపొదల వెనకా? అక్కడికి దారి తప్పిన చీమ కూడా రాదు తాతా."

"వస్తారు!"

"రారు!"

"పందెం!"

"సరే, పందెం," అన్నాడు తళుకయ్య. "తొలి ఇప్పపువ్వు రాలిన రోజు పొద్దుగూకేలోగా, నువ్వు పిలవకుండా, కేవలం చదవడానికే ఎవరైనా నీ గట్టుకు రావాలి. అది నా కళ్లతో నేను చూడాలి. లేదంటే నీ తోక ముళ్లన్నీ పెరికి నాకిచ్చెయ్. బండ గీకడానికి పనికొస్తాయి."

"నువ్వు ఓడితే?"

"వానలు పడకముందే నీ గట్టుకు మోదుగాకులతో కప్పు వేస్తాను. సరేనా?"

కంటకయ్య సరేనన్నాడు. ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పేసరికి సూదమ్మ నెత్తి కొట్టుకుంది.

"తోక ముళ్లు పందెం కట్టావా? రేపు చిరుత వస్తే దేంతో బెదిరిస్తావయ్యా, నీ మొండితనంతోనా?"

"గెలుస్తాను కదే!"

"గెలిచేవాడి మొహం నాకు తెలియదా?" అంది సూదమ్మ. అలా అంటూనే గట్టు గీకడానికి తనూ వచ్చింది.

ఇద్దరూ గట్టును నున్నగా గీకారు. బంకమట్టితో అలికారు. పైన "కంటకయ్య గట్టు" అని పెద్దగా రాశారు. ఎండకు పగుళ్లొస్తే మళ్లీ అలికారు. చెదపురుగులు పడితే దులిపారు. సొంతదంటే అంతే మరి, చాకిరీ కూడా సొంతమే!

మొదట ఒక కుందేలు వచ్చింది. గరిక వెతుక్కుంటూ వచ్చి, గట్టు చూసి, ఆగి, చెవులు నిలబెట్టి చదవబోయింది. కంటకయ్యకు పట్టరాని సంతోషం కలిగింది. ఏదుపందికి సంతోషం వస్తే ఏమవుతుంది? ముళ్లు లేస్తాయి! గిర్రున తిరిగి, వీపు చూపించి, తోక ముళ్లు గలగలలాడించాడు. మళ్లీ వెనక్కి తిరిగి చూసేసరికి కుందేలు లేదు. ముళ్లపొద మాత్రం ఊగుతోంది.

"పిరికిది," అన్నాడు కంటకయ్య.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. కంటకయ్య ఆలోచించి ఆలోచించి ఒక పెద్ద టేకు ఆకు మీద ఇలా రాశాడు: "పులి పళ్లన్నీ ఊడిపోయాయి! వివరాలు కంటకయ్య గట్టు మీద!" దాన్ని మడుగు దారిలో చెట్టుకు గుచ్చి వచ్చాడు.

ఇక చూడాలి! దుప్పులు వచ్చాయి. కొండగొర్రెలు వచ్చాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ గట్టు ముందుకు చేరాయి. తీరా చూస్తే అక్కడ "పళ్లు లేనివాళ్లు తినదగిన మెత్తని దుంపలు" అని ఉంది.

"పులి సంగతి ఏదీ?" అని ఒక దుప్పి అడిగింది.

"నేనూ అదే అడుగుదామని వచ్చాను," అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. అది పులి! నోరు బార్లా తెరిచింది. ఒక్క పన్నూ ఊడలేదు. "ఏదీ తాతా, ఏ పన్ను ఊడిందో దగ్గరికి వచ్చి చూసి చెప్పు."

దుప్పులు లేవు, గొర్రెలు లేవు. కంటకయ్య బొరియలో దూరిపోయాడు. పులి పంజాతో గట్టు మీద రాతలన్నీ గీరేసి తన దారిన తాను పోయింది. ఆ రోజునుంచి కంటకయ్య పేరు చెబితే దుప్పులు దారి మార్చుకునేవి.

"పులంతటి వాడు వచ్చాడట కదా తాతా!" అన్నాడు తళుకయ్య మడుగు దగ్గర. "కానీ నువ్వు ఆకు గుచ్చి పిలిచావు. అది లెక్కలోకి రాదు."

మనవాడు తగ్గుతాడా? కోతుల దగ్గరికి వెళ్లాడు. "రోజూ మడుగునుంచి మా ఇంటికి, మా ఇంటినుంచి మడుగుకు నడవండి. దుంపలు పెడతాను. అడుగులు పడితే బాట పడుతుంది. బాట కనిపిస్తే అడవంతా అదే దారిన వస్తుంది," అన్నాడు.

బాట పడింది. నున్నగా మెరిసింది. కోతులు దుంపలు తిన్నాయి, గట్టు మీదికెక్కి దొర్లాయి, అక్కడ రాత ఉందో లేదో కూడా చూడలేదు. తళుకయ్య వచ్చి బాటను వాసన చూశాడు. అడుగుజాడలు చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తాతా, అన్నీ కోతి పాదాలే! పైగా అన్నిటికీ బొటనవేలు వంకరే! నువ్వు మందకు తిండి పెడితే, ఒక్క వంకరవేలు కోతి మాత్రమే నడిచింది, మిగతావి కొమ్మల మీదుగా వచ్చి తిన్నాయన్నమాట!"

కంటకయ్య ఆ రోజు దుంప ముట్టలేదు. సూదమ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"ఒకటి అడగనా?"

"వద్దంటే మానతావా?"

"మానను. పులిని పిలిచావు, కోతుల్ని నడిపించావు. పులి గీరేశాక గట్టు మీద మళ్లీ ఏమైనా రాశావా?"

"బాట వేయించాను కదా!"

"పోనీ, ఆ కుందేలు వచ్చినప్పుడు ఏం చేశావు?"

"సంతోషించాను!"

"నీ సంతోషం చూసి అది కొండ దాటిపోయింది. వచ్చినవాళ్లకు వీపు చూపించి ముళ్లు ఆడిస్తే ఎవరు నిలుస్తారయ్యా? పక్కకు జరిగి కూర్చో. వాళ్లను చదువుకోనీ."

కంటకయ్య అవునని అనలేదు. మొండివాళ్లు అవునని అనరు. కానీ మర్నాడు గట్టు అలికి, కంద సంగతి మొదటినుంచీ మళ్లీ రాశాడు. ఆ మర్నాడు నాగళ్లదుంప సంగతి, ఆ తర్వాత ఎండల్లో తడి ఎక్కడ దొరుకుతుందో ఆ సంగతి రాశాడు. ఎవరూ రాలేదు. అయినా రాశాడు. ఇప్పచెట్టు మొగ్గ తొడిగింది. తోక ముళ్లు తడుముకుంటూ రాశాడు.

ఒకరోజు పట్టయ్య అనే ఉడుము పుట్టల మీదుగా వచ్చి గట్టు ముందు ఆగాడు. కంటకయ్యకు ముళ్లు లేవబోయాయి. పళ్లు బిగించి, తోక మీద తానే కూర్చున్నాడు. పట్టయ్య నెమ్మదిగా చదివాడు. ఉడుంపట్టు తెలుసు కదా, చివరి అక్షరం దాకా వదలలేదు. చదవడం అయ్యాక తన దారిన వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు.

ఎండలు ముదిరాయి. గడ్డి మాడిపోయింది. బురదమ్మ అనే అడవిపంది పిల్లలు ఆకలికి ఆగలేక అడవికంద తవ్వి తిన్నాయి. మూతులు వాచిపోయాయి. అవి "కుయ్యో" అంటూ నేలకు మూతులు రాసుకుంటుంటే బురదమ్మ నల్లబండ దగ్గరికి పరుగెత్తింది. అక్కడ నెమలి తోక ఉంది. దారిలో పట్టయ్య ఎదురొచ్చాడు.

"కందా? దాని సంగతి కంటకయ్య గట్టు మీద ఉంది. పదమ్మా," అన్నాడు.

బురదమ్మ వచ్చి చదివింది. పిల్లల చేత చింతచిగురు నమిలించింది. సాయంత్రానికల్లా పిల్లలు మడుగులో పొర్లాడుతున్నాయి.

"గెలిచామే!" అన్నాడు కంటకయ్య.

"తళుకయ్య చూడలేదుగా. వాడు ఒప్పుకుంటాడా?" అంది సూదమ్మ.

తెల్లవారింది. టప్పున ఒక ఇప్పపువ్వు రాలింది. బాట మీద తళుకయ్య వస్తూ కనిపించాడు. గడువు ఈ రోజే, ముళ్ల కోసమే వస్తున్నాడు! కంటకయ్య తోక ముళ్లు దాచుకుంటూ వెళ్లి, కందను గురించిన రాతకు వీపు ఆనించి కూర్చున్నాడు.

తళుకయ్య దగ్గరికి వచ్చాడు. మూతి తాటికాయంత ఉంది. నాలుక బయట వేలాడుతోంది. ఎండల్లో పీతలు దొరక్క, పందులు తవ్వి వదిలేసిన కంద తిన్నాడు పాపం!

"థాథా," అన్నాడు. "కొంథెం... జరుగు."

"ఎందుకూ?"

"థదవాలి."

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"ఎవరూ రమ్మనలేథు." అనేశాక తళుకయ్యకు వెలిగింది, తానేం అన్నాడో. రెండు చెవులూ వాలిపోయాయి.

కంటకయ్య కదల్లేదు. ఈ రాత తుడిచినవాడే కదా వీడు! కాసేపు దురదపడితే తప్పేముందని అతని మనసు చెప్పింది. మీరైతే ఏం చేసేవారో మరి.

"జరుగవయ్యా," అంది బొరియలోంచి సూదమ్మ. "వచ్చినవాడికి వీపు చూపించకు."

కంటకయ్య గొణుక్కుంటూ పక్కకు జరిగాడు. తళుకయ్య చదివి, చింతచెట్టు వైపు పరుగు తీశాడు.

తొలకరి ముందు గాలి మొదలయ్యేసరికి తళుకయ్య గట్టు మీదికెక్కి మోదుగాకులు పేరుస్తున్నాడు. కింద దుప్పులు, పందులు, ఆ పాత కుందేలు నిలబడి చదువుకుంటున్నాయి. వంకరవేలు కోతి కూడా వచ్చింది, ఈసారి దుంప అడగకుండా.

"ఎడమ పక్క సందుంది నాయనా, ఇంకో ఆకు పెట్టు," అంది సూదమ్మ.

కంటకయ్య సంతోషం ఎక్కువై తోక మీద కూర్చుని ఉన్నాడు.

నీతి: కేకలేసి రప్పించుకున్న గుంపు ఒక్క పూట ఉంటుంది, పనికొచ్చే మాట సొంత చోట ఓపికగా రాసి పెడితే, దానికి బాట దానంతట అదే పడుతుంది.