సైదమ్మ ఇంటి కింద

రాజేశం వచ్చేసరికి జలాలుద్దీన్ బాబా బొంత కుడుతున్నారు. పాత చీరలతో బొంతలు కుట్టడం, అడిగినవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పడం, ఆయన పనులు ఈ రెండే. రెండో పనికి ఆయనకి బద్ధకం.

రాజేశం ఆయన శిష్యుడు. నగరం కిందుగా పెద్ద రోడ్డు సొరంగం తవ్వుతున్నారు కదా, ఆ తవ్వే యంత్రం దగ్గర ఇంజనీరు. మంచివాడే. కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది.

"బాబా, మీరే చెప్పాలి. నూట పన్నెండు ఖాళీ చేయనంటోంది."

"నూట పన్నెండంటే ఎవరు?"

"అదే, మీ దగ్గరికి వస్తుందే ముసలామె, సైదమ్మ. రేపు యంత్రం ఆమె ఇంటి కిందుగా పోతుంది. మట్టిగోడల ఇల్లు. ఒక్క రోజు బయట ఉండమంటే, కోడి పొదుగుతోందట. కదిలిస్తే గుడ్లు మురిగిపోతాయట. ఒక కోడి కోసం ఊరందరి రోడ్డు ఆపుకోవాలా? అక్కడ యంత్రం ఆపితే పైన మట్టి కుంగుతుంది. ఇక పోలీసుల్ని పిలిచి ఎత్తుకెళ్ళమనడమే."

ఆ చివరి మాట అనేసరికి అతని గొంతులో జోరు తగ్గింది. ముసలామెని రెక్క పట్టి ఈడిస్తే చూడాలని అతనికి మాత్రం ఉందా?

బాబా దారం తెంపారు. "ఆ ఇంటికేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు బాబా. ముందుజాగ్రత్త, అంతే. ఇన్ని ఇళ్ళ కింద నుంచి వచ్చాం, ఎక్కడన్నా పెచ్చు ఊడిందా?"

"మంచిది" అని బాబా బొంత చంకలో పెట్టుకుని లేచారు.

సైదమ్మ ఇంట్లో ఓ మూల గంపలో కోడి రెక్కలు పరుచుకుని కూర్చుంది. "నాకేంది బిడ్డా, నేను ఏడికన్న పోత. ఇదెట్ల పోతది?" అంది సైదమ్మ.

బాబా ఇప్పుడు నచ్చజెబుతారని రాజేశం ఎదురుచూశాడు. ఆయన గంప పక్కన బొంత పరిచి కూర్చున్నారు.

"సైదమ్మా, నువ్వు మీ చెల్లెలింటికి పోయి రేపు సాయంత్రం రా. కోడిని నేను చూసుకుంటా."

ఆమె మారుమాట లేకుండా సంచీ సర్దుకుంది. నూకలు ఏ డబ్బాలో ఉన్నాయో చూపించి, గిన్నెలో నీళ్ళు మార్చమని చెప్పి వెళ్ళిపోయింది.

రాజేశం గాబరా పడ్డాడు. "బాబా, మీరిక్కడ ఎట్లా ఉంటారు?"

"ఏమీ కాదన్నావుగా."

రాజేశం చాలాసేపు బతిమాలాడు. బాబా బొంత కుడుతూనే ఉన్నారు. చివరికి అతనే గుంజలు తెప్పించి, దూలాల కింద దగ్గరుండి ఆసరా పెట్టించాడు. ఒక్కో గుంజనూ ఊపి చూసుకుని వెళ్ళాడు.

మర్నాడు కింద అతను యంత్రం దగ్గర నుంచి కదల్లేదు. టీ తెచ్చి ఇస్తే తాగడం మరిచిపోయాడు. ఒక్కో అడుగూ తనే చెప్పి వేయించాడు. యంత్రం నడిపే యాదగిరి చూసి చూసి, "ఏంది సార్, పైన మీ అత్తగారిల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. రాజేశం నవ్వలేదు. పైన బొంత మీద కూర్చున్న మనిషి తప్ప అతనికి ఆ రోజు ఇంకేమీ కనిపించలేదు.

సాయంత్రం పైకి వచ్చి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. బాబా గంప పక్కనే ఉన్నారు. అప్పుడే వచ్చిన సైదమ్మ, కోడికి నూకలు వేస్తోంది. రాజేశం బాబా మోకాలి మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ప్రాణం ఇక్కడ పెట్టి కింద ఉన్నాను బాబా."

బాబా అతని తల నిమిరారు. సొరంగం దుమ్ము ఆయన వేళ్ళకి అంటుకుంది.

"కోడి ఉలిక్కిపడనైనా లేదు. అంత మెల్లగా పోయావు" అన్నారు. సూది అందుకుంటూ అడిగారు. "రేపు ఎవరింటి కింద?"

"నూట పదమూ..."

రాజేశం ఆగిపోయాడు. కళ్ళు తుడుచుకుని లేచాడు. బయటికి వెళ్ళి, చెప్పులు విడిచి, పక్కింటి తలుపు తట్టాడు.

"అమ్మా, ఇంట్లో ఎవరెవరుంటారు?"