పాండర్ భాగవతార్

పేరు ముందు బిరుదు లేకపోవడమే ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క లోటు. మిగతావన్నీ దండిగా ఉన్నాయి. సాలూరులో నేను పల్లవి ఎత్తుకుంటే బొబ్బిలి స్టేషన్లో రైలు కూత ఆపుకొని వినేది!

అలాంటి నాకు బిరుదు రానే వచ్చింది. రుక్మిణీ కల్యాణం హరికథ చెబుతూ, జనం ఈలలేస్తున్నారు కదా అని నాలుగు సినిమా పాటలూ, శిశుపాలుడి మీద ఆరు మోటు జోకులూ దట్టించాను. ఆ ఈలలకి పందిరి రెండడుగులు పైకి లేచింది. కథ అయ్యాక, రిటైరైన ఇంగ్లీషు మాస్టారొకాయన నా చెయ్యి పట్టుకుని, "యూ పాండర్ టు ది క్రౌడ్" అన్నాడు.

పాండర్! పాండురంగణ్ణి ఇంగ్లీషులో అలా అంటారు కాబోలు!

మర్నాడు పొద్దున్న మా గురువు కొమరగిరి సాంబయ్య దాసుగారింటికి పరుగో పరుగు. ఆ సాయంత్రం సభలో ఆయన తన చిడతలు నా చేతికిచ్చి, నన్ను వారసుణ్ణి చేయబోతున్నారు. హార్మోనియం మీద తళతళలాడుతూ అవి నాకేసే చూస్తున్నాయి.

"గురువుగారూ, కరపత్రంలో 'పాండర్ భాగవతార్ గవరయ్య' అని వేయించేద్దామా?"

ఆయన నవ్వలేదు. "మాస్టారు నీకంటే ముందే వచ్చి వెళ్ళాడ్రా. ఏదీ, నిన్నటి పద్యం అందుకో," అంటూ చిడతలు పక్కన పెట్టి, హార్మోనియం తెరిచి ఒక మెట్టు మీద వేలుంచారు.

అందుకున్నాను. ఈలల కోసం అరిచిన గొంతు కదా, రెండో పాదంలో కాస్త జారింది. గురువుగారు వేలు కింది మెట్టుకి దించి, "శభాష్!" అన్నారు.

శభాష్! పన్నెండేళ్ళలో మొదటిసారి! రెచ్చిపోయాను. మళ్ళీ జారింది. మళ్ళీ వేలు దిగింది. "శభాష్ గవరయ్యా!" నేను జారడం, ఆయన దిగడం, శభాష్!

చివరికి, రైళ్ళనాపిన నా గొంతు మంచం కింద కప్పలా గురగురమని ఆగిపోయింది. దిగడానికి ఇంక స్వరం లేదు.

"ఇదేంటి గురువుగారూ, జారుతుంటే చెప్పరేం?"

"చెబితే నీ మొహం చిన్నబోతుందని, నీతోపాటే దిగాను. పాండర్ అంటే అదేనట. ఆ మాట పక్కన 'టు' తప్పనిసరిట కూడాను. ఎవరి కోసం దిగామో చెప్పాలి కదా."

చిడతలకేసి చూడలేకపోయాను.

గురువుగారు వేలు తీసుకెళ్ళి, మొట్టమొదట ఉంచిన పై మెట్టు మీదే పెట్టి, అక్కడే నొక్కి పట్టారు.

"నేనింక కదలను. నువ్వు రా."