ఖర్చు లేకుండా బాగుపడ్డ చురుకుపాలెం వీధి

చురుకుపాలెం వాళ్ళకి తెలివి ఎక్కువ. ఎంత ఎక్కువంటే, పక్క ఊళ్ళవాళ్ళు ఏ పని చేస్తున్నా నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "పాపం, బుర్ర లేదు" అని జాలిపడేవాళ్ళు. వానొస్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని పైపంచెలో చుట్టి, చంకలో పెట్టుకుని నడిచేవాళ్ళు. వస్తువు విలువ తెలిసినవాళ్ళు మరి!

ఆ ఊళ్ళో కుండలు చేసే నూకాలుకైతే తన తెలివి మీద మరీ నమ్మకం. "ఊరందరి బుర్రలూ కలిపి నా కుండలో పోస్తే అడుగు కూడా తడవదు" అనేది.

ఊరికి ఒకటే పెద్ద వీధి. తాతలనాడు రాళ్ళు పరిచారు. రాళ్ళు లేచిపోయి, గోతులు పడి, బండి దిగబడితే ఎద్దు మూపురం ఒక్కటే పైకి కనబడేది. ఆ గోతుల్లో ఎవరెవరి కాళ్ళు బెణికినా ఊరు పట్టించుకోలేదు. బెణికింది పక్కవాడి కాలు కదా!

అలాంటి సమయంలో పక్కూరు గవ్వలవలసలో నూకాలు తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళిపందిట్లో రంగులేసి వరసగా నిలబెట్టే అరివేణి కుండలు మేనత్తే చేసి తేవాలి. "మా అత్త చేతి కుండలు వస్తేనే పీటల మీద కూర్చుంటాను" అని పెళ్ళికూతురు పట్టుబట్టింది. నూకాలు ప్రాణం పెట్టి కుండలు చేసింది, రంగులు దిద్దింది, బండిలో పేర్చింది. వీధి మలుపు తిరిగేసరికి ధన్! అన్నీ పెంకులే. మళ్ళీ చేసింది. మళ్ళీ ధన్!

అంతే, పెంకులన్నీ ఒళ్ళో పోసుకుని చావిడి దగ్గరికి వెళ్ళి ఊరిపెద్ద జగ్గప్ప ముందు కుమ్మరించింది.

"పెద్దయ్యా! ఈ వీధి బాగుచేయిస్తారా, నా మేనకోడలి పెళ్ళి ఆపిస్తారా?"

"బాగుచేయాల్సిందే! రెండో మాట లేదు!" అన్నాడు జగ్గప్ప. ఊరంతా చప్పట్లు కొట్టింది. "మరి ఖర్చు ఎవరు పెట్టాలి?" అన్నాడు.

ఇంకేముంది, చప్పట్లు కొట్టిన చేతులన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. ఊరు బాగుపడాలంటే అందరికీ ఇష్టమే. మొలలో ముడి విప్పాలంటేనే కడుపునొప్పి.

మేడ వీరేశం ముందు లేచాడు. "నేనుండేది మేడ మీద. వీధి ఉండేది కింద. నాకూ దానికీ ఏమిటి సంబంధం?"

"మేడ దిగవా నువ్వు?" అంది నూకాలు.

"దిగుతాను. మళ్ళీ ఎక్కేస్తాను కదా! చెల్లుకి చెల్లు."

కొట్టు పెట్టుకున్న సూరన్న అందుకున్నాడు. "నేను పొద్దున్నించి సాయంత్రం దాకా కొట్లో కూర్చునే ఉంటాను. నడిచేది కొనుక్కునేవాళ్ళు. వాళ్ళు కట్టుకోవాలి."

"నీ కొట్టే మా ఇంటికొస్తే మేం ఎందుకు నడుస్తాం?" అని కొనుక్కునేవాళ్ళు ఎగబడ్డారు. "దూరంగా పెట్టుకున్న నీదే తప్పు!"

జగ్గప్ప చేయి ఎత్తాడు. "న్యాయం నేను చెబుతా. వీధిని తొక్కినవాడే ఖర్చు పెట్టాలి."

అంతే, అందరూ కాళ్ళు పైకి లాక్కుని అరుగుల మీద బాసింపట్టు వేసుకున్నారు.

"నన్ను చూస్తారేం?" అంది నూకాలు. "నేను బండిలో కూర్చుంటాను. నా కాలు నేలకి తగలదు. తొక్కేది మా బసవడు."

బుర్ర అంటే అదీ! బసవడిని తోలుకొచ్చారు. జగ్గప్ప ఎద్దుకి ఎదురుగా నిలబడి, "ఏమయ్యా బసవా, వీధి ఖర్చు నువ్వు పెట్టుకుంటావా?" అని మర్యాదగా అడిగాడు. ముక్కు మీద ఈగ వాలింది. బసవడు తల పైకీ కిందికీ ఊపాడు.

"ఒప్పుకున్నాడు! ఒప్పుకున్నాడు!" అని ఊరు గంతులేసింది. "మనుషుల్లో లేదయ్యా ఇంత పెద్ద మనసు!" అన్నాడు సూరన్న కళ్ళు తుడుచుకుంటూ.

ఎద్దు ఏమిస్తుందా అని కాచుకు కూర్చున్నారు. మధ్యాహ్నానికి బసవడు తోక ఎత్తాడు, పేడ వేశాడు.

"ఇచ్చేశాడు!" అన్నాడు వీరేశం.

ఇచ్చినదాన్ని వృథా చేయకూడదు కదా! ఊళ్ళో ఎద్దులన్నింటినీ అడిగారు, అన్నీ తలలు ఊపాయి, అన్నీ ఇచ్చాయి. ఆ పేడతో గోతులన్నీ నింపి నున్నగా అలికారు. మర్నాడు నూకాలు మూడో బండి కట్టింది. బసవడు ఒక్క అడుగు వేశాడో లేదో సర్రున జారి, బండి తిరగబడి, కుండలు వీధి ఈ చివరి నించి ఆ చివరికి దొర్లాయి. దొర్లినవి దొర్లినట్టే పగిలాయి.

"పెద్దయ్యా!" అని మళ్ళీ చావిడికెక్కింది నూకాలు.

జగ్గప్ప ఆలోచించి చెప్పాడు. "పట్నంలో సుంకం గేటు పెడతారు. ఆ డబ్బుతో రోడ్లు వేస్తారు. మనమూ గేటు పెడదాం. వచ్చేవాడూ పోయేవాడూ కడతారు, మనకి నొప్పి లేదు."

"గేటుకి రాళ్ళు కావాలి గదా?" అంది నూకాలు.

"వీధి నిండా రాళ్ళే కదే, పిచ్చిదానా!"

ఇంకేముంది, గునపాలు తెచ్చి వీధిలో మిగిలిన రాళ్ళన్నీ పెకలించారు. రెండు స్తంభాలు లేపారు, పైన కమాను కట్టారు, కింద జగ్గప్ప కూర్చోడానికి అరుగు వేశారు. అరుగు చాలలేదని జగ్గప్ప అంటే, ఇళ్ళ ముందు మెట్ల రాళ్ళు కూడా తెచ్చి వెడల్పు చేశారు. గేటు దివ్యంగా వచ్చింది. వీధి మాత్రం మాయమైపోయింది.

"వీధి ఏదీ?" అంది నూకాలు.

"వీధి బాగుకోసం ఆ మాత్రం వీధి ఖర్చవదా?" అన్నాడు జగ్గప్ప. పనికి ముందు పనిచేసేవాడి కుర్చీ తయారయ్యే ఊళ్ళో ఇదేం కొత్త కాదు.

గేటు దాటితే సుంకం కట్టాలి. అందుకని ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు గేటు దాటలేదు. అందరూ పక్కనున్న వీరేశం శనగచేనులోంచి చుట్టు తిరిగి వెళ్ళారు. రోజూ అంతమంది కాళ్ళు పడేసరికి చేనులో చక్కటి బాట పడింది. తలమీద నీళ్ళబిందె తొణక్కుండా నడవొచ్చు. జగ్గప్ప కూడా గేటుకి ఆ బాటనే వచ్చేవాడు.

నూకాలు నాలుగోసారి కుండలు చేసి, ఆ బాటన బండి తోలింది. ఒక్క కుదుపు లేదు. సగం దూరం వెళ్ళింది. మేనకోడలు పీటల మీద కూర్చున్నట్టే కళ్ళకి కట్టింది. అంతలో వెనకనించి కేక.

"ఆగు!" జగ్గప్ప ఊరందరినీ వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇప్పుడు తెలిసింది! మన ఊళ్ళో వీధి ఉండేది, ఇప్పుడు లేదు. ఈ చేనులో వీధి లేదు, ఇప్పుడుంది. అంటే ఏమిటి? మన వీధి పారిపోయి ఇక్కడికొచ్చింది!"

"ఒరే వీరేశం! ఊరి వీధిని చేనులో దాచుకున్నావా?" అన్నాడు సూరన్న.

"దేవుడి తోడు, నేను తేలేదు! అదే వచ్చి పడుకుంది!" అని వీరేశం చెంపలు వేసుకున్నాడు.

"నేనూ అనుకుంటూనే ఉన్నాను, ఈ బాటని ఎక్కడో చూశానని!" అంది నూకాలు. తెలివిలో వెనకబడడం ఆమెకి చేతకాదు.

అంతే, బాటని తవ్వి మళ్ళీ ఊళ్ళోకి మోయడం మొదలుపెట్టారు. బుట్టలు చాలలేదు. ఊరి పని కదా అని నూకాలే బండిలోంచి అరివేణి కుండలు తీసి తలా ఒకటి ఇచ్చింది. మట్టి నింపి, ఎత్తి, కుదేసి, ఒక్కటీ మిగల్చలేదు. మట్టంతా వీధిలో పోసి, "తిరిగొచ్చింది!" అని హారతి ఇచ్చారు. సాయంత్రం వాన దంచింది. ఊళ్ళో వీధి బురదగుంట. చేనులో బాట కాలువ. గేటు మాత్రం చెక్కు చెదరలేదు.

పెళ్ళి రేపనగా నూకాలు తమ్ముడు మొలలోతు బురదలో ఈదుకుంటూ వచ్చాడు. "అక్కా! మేళం వాళ్ళు వచ్చేశారు. మగపెళ్ళివారు విడిదిలో దిగారు. పిల్ల నీ కుండలు వచ్చేదాకా పీట ఎక్కనని కూర్చుంది. ఎక్కడే కుండలు?"

నూకాలు దగ్గర ఐదోసారి చేసిన ఆఖరి వరస ఒక్కటే ఉంది. రంగు ఇంకా పచ్చిగా మెరుస్తోంది. ఇవీ పోతే చేయడానికి మట్టీ లేదు, సమయమూ లేదు. ఊరంతా గుమ్మం ముందు మూగింది. నూకాలు కళ్ళు మూసుకుంది, నుదురు రుద్దుకుంది, ఉన్నట్టుండి లేచింది.

"పెద్దయ్యా, ఇన్నిసార్లు కుండలు ఎక్కడ పగిలాయి?"

"దారిలో."

"ఇంట్లో ఒక్కటైనా పగిలిందా?"

"లేదు."

"అదీ సంగతి! పగలని కుండ పట్టుకుపోవడమే మన తప్పు. పగిలిన కుండని ఏ గొయ్యి పగలగొడుతుంది?"

అని రోకలి అందుకుని ఫట్ ఫట్ ఫట్! అన్నీ తనే పగలగొట్టింది. పెంకులు గోనెలో పోసి తమ్ముడి నెత్తికెత్తింది. వాడు మాత్రం ఎక్కడ పుట్టాడు? "అక్కా, ఈ బుర్ర నాకెందుకు రాలేదే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

దారిలో ఎన్ని గోతుల్లో పడ్డారో, ఎన్నిసార్లు గోనె దొర్లిందో, అయినా ఒక్క పెంకు పోలేదు. పందిట్లో కుప్ప పోశారు. "మా అత్త చేతి కుండలే! రంగు చూడండి!" అని పెళ్ళికూతురు మురిసి పీట ఎక్కింది. మగపెళ్ళివారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటికే మంగళవాద్యాలు మోగిపోయాయి, ఇంక చేసేదేముంది!

నూకాలు తిరిగొచ్చేసరికి జగ్గప్ప చాటింపు వేయించేశాడు. "వీధి వల్ల పాడయ్యేది ఏదైనా సరే, బయల్దేరే ముందు ఎవరింట్లో వాళ్ళే పాడుచేసుకోవాలి. ఇక వీధికి ఖర్చే లేదు!" ఊరు చప్పట్లు కొట్టింది. ఈసారి చేతులు వెనక్కి పోలేదు.

మర్నాడు పొద్దున్నే సూరన్న తన బండి ఇరుసు తనే గొడ్డలితో నరికి, "ఇక భయం లేదు" అని ఎద్దులని అదిలించాడు. మేడ వీరేశానికి ఆ రోజు కిందికి దిగాల్సిన పని పడింది. మెట్ల దగ్గర ఆగి, బురద గోతుల వైపు ఒకసారి, తన కాళ్ళ వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చతికిలబడి, కాళ్ళు బారజాపి, లోపలికి కేకేశాడు:

"ఏమేవ్! నూకాలు ఇంటికెళ్ళి ఆ రోకలి ఒకసారి అడిగి పట్టుకురా!"