దస్తగిరి కడిగిన నీళ్లు

కనుమ దారిలో ఉన్న సరాయికి వచ్చే బాటసారులంతా పడమటి గదులే అడుగుతున్నారు. తూర్పు గదులు చూసుకునే దస్తగిరికి కడుపు మండిపోతోంది.

మండదూ మరి! సరాయినీ, పక్కనున్న దర్గానూ నడిపే పీరుగారి దగ్గర పన్నెండేళ్లుగా సేవ చేస్తున్నాడు. బావిలో నీళ్లు అడుగంటినా సరే, పొద్దున ఇరవై బిందెలు, సాయంత్రం ఇరవై బిందెలు తోడి గచ్చు అద్దంలా కడుగుతాడు. పడమటి గదులు చూసే మౌలాలి వచ్చి మూడేళ్లు కూడా కాలేదు. ఒక్క బిందె నీళ్లు, ఒక తడిగుడ్డ, అన్ని గదులూ తుడిచేస్తాడు. గోడలకు ఏడాదికోసారి సున్నం కొడతాడు. అంతే. అయినా నడివేసవిలో అక్కడ పడుకున్నవాళ్లు "ఎంత చల్లగా ఉందయ్యా!" అని దీవించి మరీ పోతారు.

దర్గాలో ఏటా జరిగే ఉరుసు పండగలోగా పీరుగారు సరాయి మొత్తానికి ఒకరిని పెద్దను చేసి తాళాల గుత్తి ఇస్తారట. అది మౌలాలికి పోతుందేమోనని దస్తగిరికి అన్నం సయించడం లేదు. ఇది కుళ్ళు అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. న్యాయం అనేవాడు.

ఉరుసు ముందురోజు ఇక ఉండబట్టలేక పీరుగారి ముందు నిలబడ్డాడు.

"బాబా, నేను రెక్కలు ముక్కలు చేసుకుంటున్నా. వాడు అరటిచెట్లు పెంచుకుంటూ కూర్చుంటాడు. జనం మాత్రం వాణ్ణే మెచ్చుకుంటారు. ఇదెక్కడి న్యాయం?"

పీరుగారు చేతిలోని తస్బీ జపమాల పక్కన పెట్టి లేచారు. "పద, ఒక గది కడుగు," అన్నారు.

దస్తగిరి ఉత్సాహంగా నాలుగు బిందెలు గుమ్మరించాడు. నీళ్లు గోడ అడుగున ఉన్న తూములోకి జారుతున్నాయి. పీరుగారు దర్గా సమాధి మీద కప్పిన చాదరు నుంచి తెచ్చిన గులాబి ఒకటి అందులో వేసి, అతని చెయ్యి పట్టుకుని పడమటి వైపుకు నడిపించారు.

మౌలాలి గదుల గోడ పొడుగునా అరటిచెట్లు గుబురుగా పెరిగి ఉన్నాయి. ఎండ ఆ ఆకుల మీదే ఆగిపోతోంది. మొదళ్ల వెంబడి మౌలాలి చేత్తో తవ్విన సన్నటి కాలవ ఉంది. కాసేపటికి తూము లోంచి నీళ్లు వచ్చాయి. వాటి వెనకే గులాబి తేలుతూ వచ్చి మూడో చెట్టు దగ్గర తట్టుకుంది.

దస్తగిరి వంగి చూశాడు. తూర్పు గది తూములో వేసిన గులాబే.

"మౌలాలి రాకముందు ఈ నీళ్లు ఏమయ్యేవి నాయనా?"

"ఎక్కడికీ పోయేవి కాదు బాబా. ఈ గోడ వెనకే నిలిచిపోయేవి."

"నిలిచి?"

"కుళ్ళి..."

ఆ మాట సగంలోనే ఆగింది. దస్తగిరి తల దించుకున్నాడు.

పీరుగారు నడుముకున్న తాళాల గుత్తి విప్పి అతని అరచేతిలో పెట్టారు. ఒక్క క్షణం దస్తగిరి గుండె ఎగిరింది.

"మౌలాలికి ఇచ్చి రా," అన్నారు పీరుగారు. "దారిలో ఎక్కడా నిలవకు."