డార్బీ ఇంట్లో పాపసంకీర్తనం

జనం తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వినడానికి ఫాదర్ యూజీన్ రెండు శనివారాలు గుడిలో కాచుక్కూర్చున్నాడు. ఒక్క పాపీ రాలేదు.

ఐర్లండులోని ఆ కొండపల్లె పాపాలకు కరువొచ్చిన ఊరేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజులవి. జమీందార్లు కౌలు పొలాలన్నీ కలిపేసి పశువుల మేతకు బీడు పెట్టేవాళ్లు. కుర్రకారు రహస్యంగా ఒట్లు పెట్టుకుని, ఒంటి మీద తెల్లచొక్కాలు తొడుక్కుని వెళ్లి, ఆ బీళ్లను పారలతో తిరగదోడేవాళ్లు. బంగాళాదుంపలు వేసుకోవడానికి చారెడు నేల కావాలన్నదే వాళ్ల గొడవ. దొరికితే మాత్రం శిక్షగా ఓడెక్కించి సముద్రాల అవతలికి పంపేవారు.

పెద్ద ఫాదర్ మాలకీ మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన ఒక ఆదివారం, గురువుల చదువు ముగించి సెమినరీ నుంచి కొత్తగా వచ్చిన యూజీన్‌కు ప్రసంగం చెయ్యడానికి వీలు చిక్కింది. డార్బీ అనే రైతు ఆ తెల్లచొక్కాల వాళ్లలో ఒకడని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, బలిపీఠం ముందు నిలబడి అతన్ని పేరు పెట్టి దులిపేశాడు. ఇతని గడప తొక్కవద్దు, పొయ్యి రాజేసుకోవడానికి నిప్పు కూడా ఇవ్వవద్దు అన్నాడు. ఆ పేరు మేజిస్ట్రేటు చెవిన పడితే డార్బీ గతేమిటన్నది యూజీన్‌కు తట్టనే లేదు.

"అంతసేపూ ఒక్కరూ కదల్లేదు ఫాదర్" అని మాలకీకి గొప్పగా చెప్పాడు.

"నిద్రపోయినా కదలరు నాయనా" అన్నాడు మాలకీ.

ఆ తర్వాతే ఈ ఖాళీ శనివారాలు. తన దగ్గరికి ఎవరూ రాకపోతే తను గురువు అయ్యి ఏం లాభమని యూజీన్‌కు అన్నం సహించడం మానేసింది.

క్రిస్మస్ దగ్గరపడింది. ఆ దేశంలో ఏటా రెండుసార్లు గురువులే ఇంటికొచ్చి, వంటింట్లో పాపసంకీర్తనాలు విని, పూజ చేసి, అందరితో కలిసి భోంచేసే ఆచారం ఉంది. ఇళ్లు వంతులవారీగా వస్తాయి. ఈసారి వంతు డార్బీది.

"ఆ ఇల్లు దాటేద్దాం ఫాదర్."

"వాళ్లావిడ ఇంటికి సున్నం కొట్టేసింది. ఇప్పుడు వద్దంటే ఆ సున్నం మనకి పూస్తుంది. పద" అన్నాడు మాలకీ.

వెళ్లారు. నిప్పు కూడా ఇవ్వవద్దన్న ఇంట్లో పొయ్యి భగభగా మండుతోంది. ఊరంతా అక్కడే ఉంది. మాలకీ పొయ్యి పక్కన కూర్చున్నాడు. యూజీన్‌కు దుంపల కుప్ప దగ్గర కుర్చీ వేశారు. మాలకీ ముందు వరస గుమ్మం దాటి పెరట్లోకి పోయింది. వరస చివర డార్బీ. యూజీన్ ముందు మాత్రం ఒక కోడి నిలబడింది.

అతను ప్రార్థనల పుస్తకం తెరిచి ఒకే పేజీని చాలాసేపు చదివాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

ఇద్దరి పాపాలు విన్నాక మాలకీ లేచాడు. గోడ పట్టుకుంటూ కోడిని పక్కకు తోలి, యూజీన్ కాళ్ల ముందు మట్టి నేల మీద మోకరించాడు. వరసంతా అటు తిరిగింది.

"ఇదేమిటి, మీరు..." అన్నాడు యూజీన్.

"నేను పాపిని, ఫాదర్. వినండి" అన్నాడు మాలకీ. రోజూ నాయనా అని పిలిచే మనిషి.

ఏం చెప్పాడో యూజీన్ ఎవరికీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఆ ముసలి గొంతు అందక అతను వంగి, ఇంకా వంగి, చివరికి కుర్చీ అంచుకు జరిగి విన్నాడని మాత్రం అందరూ చూశారు.

"ప్రాయశ్చిత్తంగా మరియమ్మకు మూడు మంగళవార్త జపాలు చెప్పండి" అన్నాడు చివరికి.

"తక్కువేమో ఫాదర్."

"మీ మోకాళ్లకు అది చాలు" అంటూ యూజీన్ చంకల కింద చేతులేసి ఆయన్ని లేపాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

మాలకీ తన కుర్చీ దగ్గరికి పోలేదు. గుమ్మం పక్కన బల్ల మీద కూలబడి జపం మొదలుపెట్టాడు. వరసలోని వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివర్నించి డార్బీ వచ్చాడు. టోపీ తీసి మోకరించాడు.

"ఫాదర్ గారూ, నాకు శిక్ష ముందే వేసేశారు. ఇప్పుడు పాపం చెప్పుకోవచ్చా?"

యూజీన్ కుర్చీ వెనక్కి నెట్టి, డార్బీ ఎదురుగా తనూ నేల మీద కూర్చుని, చెవి దగ్గరగా పెట్టాడు.

డార్బీ భార్య గుడ్ల గిన్నె పట్టుకుని, ఉడకెయ్యనా అన్నట్టు మాలకీ వైపు చూసింది. పూజ అయ్యేదాకా ఉపవాసమే కాబట్టి, తెల్లవారినప్పటి నుంచి ఆయనకూ ఆకలి దంచేస్తోంది. అయినా చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడే వద్దమ్మా. మా ఫాదర్ ఇవాళ చాలా వినాలి."