పాకం గిన్నె

ఇశ్రాయేలు మాస్టారిని ఎవరేది అడిగినా నోటితో జవాబు చెప్పిన పాపాన పోలేదు. లేచి వెళ్లి రొట్టెల బట్టీ రాజేసేవారు. అది మామూలు బట్టీ కాదు. వాల్తేరు రైల్వే కాలనీలో ఆయన దాని తలుపు తీశారంటే, ఆ దాల్చినచెక్క వాసనకి సిగ్నల్ ఇచ్చినా ఇంజన్లు కదిలేవి కావు. ఆయన కాల్చిన ఆపిల్ పండు చెరిసగం తిని, ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకుంటున్న అన్నదమ్ములు ఒకే రిక్షాలో ఇంటికెళ్లారు.

అంతటి మనిషి దగ్గర వంట నేర్చుకుంటున్న సలోమి, ఓ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి గడపలోనే కూలబడింది.

"పిల్ల మనసు గెలుచుకోవడం ఎలా మాస్టారూ?"

పిల్లంటే కెజియా. సలోమి భర్తకి మొదటి భార్య కూతురు. తల్లి పోయింది. సలోమి ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడాదైనా పిల్ల ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. సలోమి జడ వెయ్యబోతే తల లాగేసుకుంటుంది, కొసరి వడ్డిస్తే కంచం ముందునుంచి లేచిపోతుంది.

"సెలవులవగానే హాస్టల్లో వేసేస్తానంటున్నారు మా ఆయన. ఒకసారి వెళ్లిందంటే ఇక నాకు దక్కదు."

"సాయంత్రం తీసుకురా," అన్నారు మాస్టారు. అంతే.

కావాలనే పుల్లటి ఆపిల్ పళ్లు ఏరారు. ఆయన చాకు తిప్పితే, ఇల్లు ఖాళీ చేశామని గింజలకే తెలియదు. ఆ గుంటల్లో వెన్న, కిస్‌మిస్, రొట్టెపొడి కూరి బట్టీలోకి తోశారు. పంచదార మాడీ మాడకుండా కరిగించి, వెన్నా మీగడా కలిపి పాకం దించితే, దాని రంగు చూసి సూర్యుడు కొండ వెనక్కి దిగడానికి మొహమాటపడ్డాడు.

ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. సలోమి చెయ్యి అలవాటుగా పాకం గిన్నె మీదికి వెళ్లింది. ఎప్పుడు వడ్డించినా పండు మునిగేదాకా పోస్తుంది ఆమె.

"నీ పక్కనే పెట్టుకో. పొయ్యకు," అన్నారు మాస్టారు.

"ఇంత పులుపు పిల్లెలా తింటుంది మాస్టారూ?"

"తినదేమో."

కెజియా చెంచాతో పండు విరిచి నోట్లో పెట్టుకుంది. మొహం ముడుచుకుపోయింది. సలోమి కుడిచేతిని ఎడంచేత్తో ఒడిలో అదిమి పట్టుకుంది. బయట మైలు పొడుగు గూడ్సుబండి ఒకటి తీరిగ్గా సాగిపోయింది. పిల్ల రెండో ముక్క తిన్నది. గిన్నె వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, మళ్లీ గిన్నె వైపు చూసింది. సలోమి కూడా గిన్నె వైపే చూసింది. పోస్తే పిల్ల లేచిపోతుంది, పొయ్యకపోయినా లేచిపోతుందేమో.

"ఆ గిన్నె ఇలా ఇవ్వండి."

తల ఎత్తకుండానే అంది కెజియా. ఆ గొంతు తనతో మాట్లాడితే ఎలా ఉంటుందో సలోమి అప్పుడే మొదటిసారి విన్నది. కళ్లు నిండిపోయి, ఏదీ కనపడక, తడుముకుంటూ గిన్నె ఎత్తి పిల్ల పళ్లెం మీదికి వంచబోయింది.

"ఉండమ్మా, నేను పోస్తా..."

బట్టీ ఇనప తలుపుని రెండు వేళ్లతో ఎత్తే మాస్టారి చెయ్యి, ఆమె మణికట్టుని పువ్వుని పట్టుకున్నట్టు పట్టుకుని ఆపింది.

"గిన్నె ఇవ్వమంది," అన్నారాయన, సలోమికి మాత్రమే వినపడేట్టు.